హంసల చెరువుకు చుట్టుదారి

సూర్యాపేట నుంచి కోదాడకు బస్సులో గంట ప్రయాణం. హైవే మీద ఒక కునుకు తీసేలోగా ఊరొచ్చేస్తుంది. నేను మాత్రం ఆ గంట ప్రయాణాన్ని రెండు రోజులు చేశాను. ముందు నేరేడుచర్ల దారి పట్టి మిర్యాలగూడ వెళ్లాను, అక్కడ ఒక రాత్రి ఉన్నాను, మర్నాడు మళ్లీ నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరాను. ఎందుకింత చుట్టు అని అడిగిన వాళ్లకు పక్షులు చూడ్డానికి అని చెప్పాను. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. కోదాడ దగ్గర ఒక చెరువు కట్ట మీద నేనొక తప్పు ఒప్పుకోవాల్సి ఉంది. దాన్ని ఒక్కరోజైనా వెనక్కి నెడదామని ఆ దారి పట్టాను.

సంగతేమిటంటే, నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. జవాబు పత్రాల్లో తప్పు కనబడితే ఎర్రసిరాతో సున్నా చుట్టడానికి ఏనాడూ చెయ్యి వెనకాడలేదు. రిటైరయ్యాక పక్షుల పిచ్చి పట్టింది. మూడేళ్ల కిందట ఇవే రోజుల్లో కోదాడ దగ్గరి ఒక ఊరి చెరువుకు వెళ్లాను. సాయంత్రం వేళ, ఎదురెండ. తుమ్మచెట్ల మూలన మోకాలి లోతు నీళ్లలో పొడుగు కాళ్ల పక్షులు ఓ ముప్పై దాకా నిలబడి ఉన్నాయి. ఒంటి మీద గులాబీ రంగు. "రాజహంసలు!" అని నలుగురూ తిరిగి చూసేట్టు కేక పెట్టాను.

కట్ట మీద వల బాగుచేసుకుంటున్న సైదులు లేచి వచ్చాడు. ఆ చెరువులో చేపలు పట్టుకునే సంఘానికి అతనే పెద్ద, నేను ఎవరో ఏం చేసేదాన్నో అప్పటికే అడిగి తెలుసుకున్నాడు. "నిజంగనా టీచరమ్మా?" అని అడిగాడు. "సర్వీసంతా సైన్సే చెప్పాను సైదులూ" అన్నాను నేను, ఎంత ధీమాగానో. ఆ మాటతో అతను సంఘంలో వాళ్లందరినీ ఒప్పించాడు. చలి తగ్గింది మొదలు ఉగాది వరకు తుమ్మల మూలలో వల వేయకూడదు, తెప్ప నడపకూడదు. నీళ్లు తగ్గే ఆ రోజుల్లో చేప చేరేది సరిగ్గా ఆ మూలకే. అయినా వదులుకున్నారు. దారి మొదట్లో బోర్డు పెట్టించారు. పెయింటర్ ఎన్నడూ రాజహంసను, అంటే ఫ్లెమింగోను, చూసినవాడు కాడు, కాబట్టి క్యాలెండర్లో సరస్వతీదేవి పక్కనుండే తెల్లటి హంసను దించేశాడు. ఊళ్లో చెరువు పేరే మారిపోయింది. ఇప్పుడు కోదాడ బస్టాండు బయట ఏ ఆటో డ్రైవర్నడిగినా హంసల చెరువంటే తీసుకెళ్తాడు.

పోయిన చలికాలంలో నా రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ జరిగింది. పట్టీలు విప్పిన వారానికి, ఊసుపోక, ఫోన్లో పాత ఫోటోలు తిరగేస్తుంటే ఆ చెరువు ఫోటో వచ్చింది. పసుపుపచ్చని పొడవాటి ముక్కు, కొసన కాస్త కిందికి వంగి ఉంది. ఛాతీకి అడ్డంగా నలుపు తెలుపు పట్టీ. గులాబీ రంగు ఒళ్లంతా లేదు, తోక దగ్గర రెక్కల చివర మాత్రమే ఉంది. అవి రాజహంసలు కావు. ఎర్రకాళ్ల కొంగలు. మన చెరువులకు వచ్చేవే, ఆ చెరువుకే ఆ ఏడాది కొత్త. మసకబారిన కళ్లతో నేను చూడాలనుకున్నది చూశాను. 

కాముని పున్నమి వెళ్లిన మర్నాడు బయల్దేరాను. తెల్లారి అయిదున్నరకే పెరట్లో పిచ్చుకలు లేచాయి. జామచెట్టు కొమ్మకు వరికంకుల కుచ్చు ఒకటి కట్టి ఉంచుతాను. పిచ్చుకలు దానికి తలకిందులుగా వేలాడి గింజలు వలుచుకుంటాయి, వాటికి తోడు ఈమధ్య జీనువాయి పిట్టలు నాలుగు అలవాటు పడ్డాయి. పికిలిపిట్టల జంటకు గింజలు పట్టవు, పండిన జామకాయల దగ్గరే వాటి కాపురం. మూకుట్లో నీళ్లు నింపి, రెండు రోజులు చూసుకొమ్మని పక్కింటి వాళ్లకు చెప్పి, బైనాక్యులర్ సంచిలో వేసుకున్నాను.

ఆరు ఇరవైకి నేరేడుచర్ల బస్సు దొరికింది. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి కండక్టర్ సున్నా టికెట్ చేతిలో పెట్టి ముందుకెళ్లాడు. నా పక్క సీట్లో పురుగుమందుల దుకాణం నడిపే పెద్దమనిషి, కాళ్ల దగ్గర అట్టపెట్టె. నా మెడలో బైనాక్యులర్ చూసి అతనే మాట కలిపాడు.

"ఏందమ్మా, పిట్టల కోసమా? అయితే గిటు పోతున్నవేంది? కోదాడ దిక్కు పోవాలె. గాడ చెరువుల రాజహంసలు దిగుతయంట. మన సూర్యాపేట టీచరమ్మ ఎవలో కనిపెట్టిందంట."

"అలాగా" అన్నాను.

"ఔ. మస్తు సదువుకున్నామెనంట."

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆ టీచరమ్మను నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. బస్సు దిగేదాకా అతను పురుగుమందుల గురించి మాట్లాడాడు, నేను ఎంతో శ్రద్ధగా విన్నాను.

నేరేడుచర్లలో దిగేసరికి ఎనిమిదవుతోంది. బస్టాండుకు ఎదురుగా బండి మీద నాలుగు ఇడ్లీ, పల్లీ చట్నీతో. వేడిగా, మెత్తగా బాగున్నాయి. ఈ దారిన పక్షుల కోసం వచ్చేవాళ్లకు నా సలహా, ఇక్కడ నేరుగా బస్సు మారిపోకండి. ఊరు దాటి కాలువ గట్టు వెంట ఒక మైలు నడవండి. యాసంగి వరి ఇప్పుడు మోకాళ్లదాకా లేచి, ఎటు చూసినా పచ్చగా ఉంటుంది. నీళ్లున్న మడుల్లో నత్తగుల్ల కొంగలు వరసగా నడుస్తూ వెతుక్కుంటున్నాయి. వాటి ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందుంటుంది. ఒకటి నత్తను పట్టి, నీళ్లలోనే అటూ ఇటూ తిప్పి, గుల్ల విడిచి మాంసం మింగడం దగ్గరగా చూశాను. గట్టు మీద గుడ్డికొంగలు, కదలని మట్టిగడ్డల్లాగా కూర్చున్నాయి. తీతువు ఒకటి నన్ను చూసి ఊరంతా వినేలా అరిచింది.

కరెంటు తీగ మీది పాలపిట్ట ఎగిరినప్పుడు మాత్రం నిలబడిపోయాను. దాని రెక్కల్లో నీలం! ఆపరేషన్‌కు ముందు పదేళ్లుగా నాకు నీలమంటే ఒకరకమైన బూడిదరంగు. అలా ఉంటుందనే అనుకున్నాను. మనకు కనబడనిది లేదనుకోవడం ఎంత సులువో. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకుని మళ్లీ చూశాను. అది ఇంకో తీగ మీదికి వెళ్లి తీరిగ్గా కూర్చుంది.

పదిన్నరకు మిర్యాలగూడ వెళ్లే షేర్ ఆటో ఎక్కాను. నలుగురు కూర్చోవాల్సిన చోట ఏడుగురం. కలుపు తీయడానికి వెళ్తున్న తండా ఆడవాళ్లు ముగ్గురు లంబాడీలో నవ్వుకుంటూ మాట్లాడుకుంటున్నారు. వాళ్లలో పెద్దామె నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"గది ఏం మిషినమ్మా మెడల?"

పిట్టల్ని దగ్గరగా చూపిస్తుందని, వాటి కోసమే సూర్యాపేట నుంచి వస్తున్నానని చెప్పాను.

"పిట్టలు సూడనీకి సూర్యాపేటకెల్లి వచ్చినవా? మాకాడ ఊకెనే ఉంటయ్ గద. పొద్దుందాక అవి మమ్ముల సూస్తయ్, మేం వాటిని సూస్తం." ఆటో అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. దిగిపోయే ముందు ఆమె బైనాక్యులర్ తీసుకుని దూరంగా కనబడుతున్న తన తండా వైపు చూసింది. "మా ఇంటి తలుపు తీసి పెట్టినరు, మేకలు సొస్తయ్" అని తిట్టుకుంటూ దిగింది.

మిర్యాలగూడలో మా విజయలక్ష్మి ఉంది. ఇద్దరం ఒకే స్కూల్లో పదకొండేళ్లు పనిచేశాం, ఆమె లెక్కలు, నేను సైన్సు. అత్తవారిది తరాల నాటి ధాన్యం వ్యాపారం, రైసుమిల్లు వెనకే ఇల్లు. మధ్యాహ్నం పప్పుచారు, వంకాయ వేపుడు, గడ్డపెరుగు. బస ఖర్చు లేని ఊళ్లు నాకున్నవి రెండే, అందులో ఇదొకటి.

నాలుగు గంటలకు ఎండ తగ్గాక ఊరి బయటి చెరువుకు నడిచాం. నీళ్ల మీద నల్లటి నామాలకోళ్లు, నుదుట తెల్లబొట్టుతో, వందకు తక్కువ ఉండవు. సూదితోక బాతులు ఒకచోట గుమిగూడి, అంతలోనే లేచి, ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగుతున్నాయి. ఉత్తరాదికి తిరుగు ప్రయాణం దగ్గరపడితే అవి ఇలాగే కుదురుగా ఉండవు. గట్టున బూరుగుచెట్టు ఆకంతా రాల్చి ఎర్రటి పూలతో నిండి ఉంది. దాని మీద గులాబీ గోరింకల గోల చెప్పనలవి కాదు. ఈ కాలంలో బయల్దేరేవాళ్లు ఒక బూరుగుచెట్టు చూసుకుని దాని కింద గంట కూర్చుంటే చాలు, ఊరి పక్షులన్నీ అక్కడికే వస్తాయి.

అక్కడే కూర్చుని విజయలక్ష్మికి అంతా చెప్పాను. ఆమె మొత్తం విని, చెప్పులు దులుపుకుంది.

"ఊకో సరోజా. ఎవలకు నష్టమైంది? పిట్టలు బతికినయ్, ఊరికి పేరొచ్చింది. నువ్వు పనిగట్టుకొని పోయి అవి కొంగలని జెప్తే ఎవలు బాగుపడ్తరు? రేపే వల ఏస్తరు. గంతే అయితది."

నా భయమూ అదే. నేను నిజం చెబితే ఆ మూల పోతుంది. చెప్పకపోతే, సైదులు తన వాళ్ల కడుపుకు అడ్డంపడి నిలబెట్టిన మాట ఒక ఉత్తి మాటగానే నిలిచి ఉంటుంది. పైగా అతను నన్ను చూసినప్పుడల్లా "మన రాజహంసలు ఎట్లున్నయ్ టీచరమ్మా" అంటాడు. ఇంకోసారి ఆ మాట విని తలూపడం నా వల్ల కాదు. విజయలక్ష్మి సలహా మంచిదేననిపించింది, అందుకే మరీ చిరాకేసింది.

తెల్లారి అయిదూ నలభై అయిదుకు లేచి డాబా ఎక్కాను. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముందు డాబా మీద పిట్టలకు నూకలు చల్లాలి, ఆ తర్వాతే మిల్లు గేటు తాళం తీయాలి. విజయలక్ష్మి అత్తగారు పెట్టిన కట్టు అది. విజయలక్ష్మి చాటలో నూకలు పోసుకుని, దీపం దగ్గర కూర్చుని మెరికలు ఏరుతోంది. గూళ్లలోంచి పిచ్చుకలు అప్పటికే తల బయటపెట్టి చూస్తున్నాయి. వసారా దూలానికి కంకుల కుచ్చు వేలాడుతోంది. కోతమిషన్ వచ్చాక కంకి అనేది చేతికే రావడం లేదు, అందుకని తెలిసిన రైతు దగ్గర ఒక మూల కొడవలితో కోయించి ఏడాదికి సరిపడా తెప్పించుకుంటుందట.

"పిట్టలు రాళ్లు ఏరుకోలేవా ఏంటి?" అన్నాను.

"ఏరుకుంటయ్. గని పెట్టేది నేను గదా, నేను జూసుకోవాలె."

 ఆమె చాట మీంచి తలెత్తి నన్ను చూసింది. తను అన్నది తనకే తగిలినట్టుంది, నవ్వేసింది.

"పో, జెప్పి రా పో. బాక్సుల పులిహోర పెడ్త."

నూకలు చల్లగానే ముందు పావురాలు, తర్వాత పిచ్చుకలు, చివర్న తోక ఊపుకుంటూ ఒక ఉడత దిగాయి. కింద గేటు తాళం తీసిన చప్పుడు వినబడింది. ఆరున్నరకు కోదాడ బస్సెక్కాను.

నేరేడుచర్లలో బస్సు నిండింది. హుజూర్‌నగర్లో సగం ఖాళీ అయింది. దారిపొడవునా కాలువ నీళ్లు, నల్లటి ఏట్రింత పిట్టలు తీగల మీద, మోదుగుపూలు రాలి ఎర్రబడ్డ గట్లు. మామూలు రోజైతే నోటుపుస్తకం నింపేదాన్ని. ఆ రోజు మాత్రం, చెప్పాల్సిన మాటల్ని లోపలే ఒకటికి పదిసార్లు వల్లె వేసుకున్నాను. ఎనిమిదిన్నరకు కోదాడ. బస్టాండు బయట ఆటో డ్రైవర్ నన్ను చూడగానే పిలిచాడు.

"హంసల చెరువుకే కదండీ? ఎక్కండి. మంచి టైముకు వచ్చారు, నీళ్లు తగ్గినయ్, బాగా కనిపిస్తయ్."

అరగంట ప్రయాణం. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలు దొరకవు కాబట్టి అతని నంబరు తీసుకోవడం మంచిది. దారి మొదట్లో బోర్డు, దాని మీద వంపు మెడతో ఆ తెల్లహంస. ఎండకు రంగు కొంచెం వెలిసినా నన్ను మాత్రం బాగానే గుర్తుపట్టినట్టు చూసింది.

సైదులు కట్ట మీదే ఉన్నాడు, వల ఆరబెడుతున్నాడు. యాభై దాటిన మనిషి, ఎండకు కాలిన భుజాలు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. "రాండి టీచరమ్మా! ఈయేడు ఇంకా ఎక్కువొచ్చినయ్. మన రాజహంసలు..."

"సైదులూ, కూర్చో. ఒక మాట చెప్పాలి" అన్నాను. వల్లె వేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఫోన్లో ఫోటో తెరిచి చూపించాను. అవి రాజహంసలు కావనీ, ఎర్రకాళ్ల కొంగలనీ, నాకు అప్పుడు కళ్లు సరిగా లేవనీ, సరిగా లేవని నాకే తెలియదనీ చెప్పాను. తప్పు పూర్తిగా నాదేనని చెప్పాను.

అతను ఫోటో వంక చాలాసేపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. కోపమైతే బాగుండేది.

"నాకూ ఆ పొద్దు కొంగ లెక్కనే అనిపించింది టీచరమ్మా" అన్నాడు నెమ్మదిగా. "ముక్కు సూస్తే కొంగ, నడక సూస్తే కొంగ. సదువుకున్నామె జెప్తుంది గదా, నాకేం తెలుసులే అని నా కళ్లను నేనే పక్కకు పెట్టిన."

ముప్పై ఏళ్లు పిల్లలకు చూసింది రాయండి, విన్నది రాయకండి అని చెప్పాను. చెరువులో పుట్టి పెరిగిన మనిషి చేత సొంత కళ్లనే కాదనిపించాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. "నన్ను క్షమించు సైదులూ" అన్నాను.

"నాకు జెప్తే ఏం లాభం? ఆళ్లందరికి జెప్పండి. మీ మాట మూడేండ్లు నేను మోసిన. దించుడు మీరే దించాలె."

కట్ట కింద రేకుల షెడ్డులో పొద్దుటి చేపలు తూకం వేస్తున్నారు. ఎనిమిది మంది దాకా ఉన్నారు. సైదులు వెళ్లి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నేను చెప్పాను. స్కూల్లో ప్రార్థన సమయంలో వందలమంది ముందు తడబడనిదాన్ని, ఆ ఎనిమిది మంది ముందు ఒక్క వాక్యాన్నే రెండుసార్లు మొదలుపెట్టాను. 

ముందుగా నోరు విప్పింది ఎంకన్న. మూల వదిలిపెట్టడం మొదటినుంచీ ఇష్టం లేని మనిషి అతనే.

"రాజహంసలు గాకపోతే ఇంక ఇడిసేది దేనికి? మూడేండ్ల సంది ఆ మూల బొచ్చెచేపలు, రవ్వలు అన్నీ కొంగలకు పెట్టినమా? రేపు పొద్దుగాల్నే వల ఏద్దాం." మరో ఇద్దరు తలూపారు. అతను అన్నదాంట్లో అన్యాయమేమీ లేదు.  

ఏం చేయాలో తోచక మెడలోంచి బైనాక్యులర్ తీసి ఎంకన్నకు ఇచ్చాను. "ఇంకో మనిషి మాట నమ్మొద్దు. మీరే చూడండి" అన్నాను.

అందరం తుమ్మల మూలకు నడిచాం. దూరంగా నీళ్లలో అరవైకి పైగా ఉన్నాయి. సగం తెరిచిన ముక్కు నీళ్లలో ముంచి, ఒక కాలితో బురద కలుపుతూ, మెల్లగా అడుగులు వేస్తున్నాయి. నారింజరంగు బోడితల. రెక్కలు విప్పినప్పుడల్లా తోక దగ్గరి గులాబీ రంగు మెరుస్తోంది. నా కొత్త కళ్లతో వాటిని చూడ్డం నాకూ అదే మొదటిసారి. భయంతో వచ్చిన నాకు అంత సంతోషం కలుగుతుందని అనుకోలేదు. ఇంత అందమైనదాన్ని పట్టుకుని మరో పేరు ఎందుకు తగిలించానా అనిపించింది.

ఎంకన్న బైనాక్యులర్ కళ్లకు ఆనించినవాడు ఆనించినట్టే ఉండిపోయాడు.

"ఏం దింటున్నయే?" అడిగాడు సైదులు.

"జెల్లలు. సన్న జెల్లలు. తూకానికి రావు." బైనాక్యులర్ కాస్త పక్కకు తిప్పి, "అగో, ఒకటి బొచ్చెపిల్లను పట్టింది, దొంగముండ" అన్నాడు. ఇంకా చూస్తూనే, "కాలుతోని ఎట్ల కెలుకుతుందో సూడు, మనం బురద కెలికి చేపను లేపినట్టే." పక్కనున్నవాళ్లు తమకూ ఇమ్మని చేయి చాపితే మోచేత్తో నెట్టాడు. పావుగంట దాకా ఎవరికీ ఇవ్వలేదు.

చివరికి సైదులే మాట్లాడాడు. గొంతు పెంచలేదు. "ఉగాదికి ఇంక పదిహేను దినాలు లేవు. ఉగాది దాక వల ఏసేది లేదని మనం మాటిచ్చినం. ఆ మాట ఇచ్చింది ఆ మూలకు దిగిన పిట్టకు, దాని పేరుకు గాదు. ఆ తర్వాత మీటింగు పెట్టుకుందాం. అందరు ఎట్లంటే అట్ల."

ఎంకన్న బైనాక్యులర్ దించకుండానే అన్నాడు. "మరి బోర్డు? రాజహంస అంటే దండం పెట్టి పోతరు. కొంగ అని రాస్తే రాయి ఇసిరి పోతరు."

"కొంగనైతే కొంగ అనే రాయాలె. మనం కాపాడేది దాన్నే గదా. రాయి ఇసిరేటోన్ని నువ్వు సూసుకో."

"సూసుకుంటలే" అన్నాడు ఎంకన్న. అన్నాక, తను ఏం ఒప్పుకున్నాడో అర్థమై సైదులు వంక గుర్రుగా చూశాడు. అందరూ నవ్వారు. ఉగాది తర్వాత మీటింగులో ఏం తేలుతుందో నాకు తెలియదు, ఈ రాసేనాటికి అది ఇంకా జరగలేదు. మూల ఉంటుందని నేను మాటివ్వలేను. నా మాట ఎంతదో ఇప్పటికే చూశారు.

పెయింటర్ సోమవారం వస్తాడట. కొత్త బోర్డుకు వివరాలు కాగితం మీద రాసివ్వమన్నారు. ఎర్రకాళ్ల కొంగ అని పెద్దక్షరాలతో రాసి, కింద ముక్కు, పట్టీ, తోక, కాళ్ల రంగు గుర్తులన్నీ రాశాను. రాసిన కాగితాన్ని సైదులు చేతికిచ్చి, "ఇందులో తప్పుందేమో నువ్వు చూడు" అన్నాను. అతను కాగితాన్నీ కొంగలనీ మార్చి మార్చి చూశాడు.

"కాళ్లు గింత ఎర్రగ ఉండవు. లేత రంగు, గులాబి లెక్క" అన్నాడు. దిద్దాను. పులిహోర డబ్బా తెరిచి తలా ఇంత పెట్టాను. వస్తుంటే సైదులు వద్దంటున్నా వినకుండా రెండు రవ్వచేపలు ఆకులో చుట్టి సంచిలో పెట్టాడు. ఎంకన్న నుంచి బైనాక్యులర్ వెనక్కి తీసుకోవడానికి మాత్రం రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

మూడున్నరకు కోదాడలో సూర్యాపేట బస్సు దొరికింది. కిటికీ సీటు, వెనక్కి వాలి కూర్చున్నాను. ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టుంది. పక్కన ఒక నలభై ఏళ్ల ఆవిడ, ఒళ్లో జాకెట్ల సంచి. సూర్యాపేటలో మగ్గం వర్క్ చేస్తుందట, కోదాడ పెళ్లివారికి జాకెట్లు ఇచ్చి వస్తోంది. బైనాక్యులర్ చూసి తనే మొదలుపెట్టింది.

"రాజహంసల చెరువుకు పోయొస్తున్నరా అక్కా? నేను కూడ పోవాలె పోవాలె అనుకుంటున్న. ఎవరో టీచర్ కనిపెట్టిందంట గద."

వెళ్లేటప్పుడైతే కిటికీ వైపు తిరిగాను. ఈసారి ఆమె వైపే తిరిగాను.

"ఆ టీచర్ను నేనేనమ్మా. అవి రాజహంసలు కావు, ఎర్రకాళ్ల కొంగలు. నేనే తప్పు చెప్పాను."

ఆమె ముఖం కాస్త చిన్నబోయింది. "అయ్యో, కొంగలేనా?" అంది. నేను ఫోన్ తీసి ఆ మూడేళ్లనాటి ఫోటోనే చూపించాను. ఆమె రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసింది. పూసలు గుచ్చే కళ్లు కదా, క్షణం పట్టలేదు.

"ముక్కు గింత పొడుగు, పచ్చగున్నది గదక్కా. హంసకెట్ల ఉంటది?" అని, ఇంకొంచెం పెద్దది చేసి, "అమ్మో, గీ తోక కాడ సూడు! లేత గులాబిల రాణి కలర్ కలిపినట్టున్నది. గీ షేడ్ దారం నాకు ఎక్కడ దొర్కలే" అంది. ఫోటో తన ఫోన్‌కు పంపించమంది. పంపించాను. ఆదివారం పోతే ఉంటాయా అని అడిగింది. ఉంటాయని చెప్పాను.

చివ్వెంల దాటుతుంటే రోడ్డు పక్క చెట్ల మీదికి గోరింకలు చేరుతున్నాయి. పెరట్లో మూకుట్లో నీళ్లున్నాయో లేవో, కంకుల కుచ్చులో గింజలెన్ని మిగిలాయో అనుకున్నాను. పక్కసీట్లో ఆవిడ ఇంకా ఆ గులాబీరంగే చూస్తోంది.

నా వెనక వెళ్లేవాళ్లకు చివరిగా ఒక మాట. పొద్దున్నే వెళ్లండి, ఎండ వీపుకు కొట్టేలా నిలబడండి, నాలాగా ఎదురెండలో చూసి కేకలు పెట్టకండి. కోదాడ బస్టాండు బయట ఆటోవాళ్లకు ఎర్రకాళ్ల కొంగల చెరువు అని చెప్పండి. తెలియదంటే హంసల చెరువు అనండి, తీసుకెళ్తారు. పేరు తప్పు, అది నేను పెట్టిందే. దారి మాత్రం సరైనదే.